పోచయ్య తెరవని ఆరో సంచి

పోచయ్య ఇంట్లో సజ్జ మీద ఆరుగురు చచ్చిపోయిన పిల్లల బట్టలున్నాయని, వాటిని దాచిపెట్టి ఆదివారం సంతలో అమ్ముకుంటాడని తార్నాకలో మా వీధివాళ్లంతా చెప్పుకున్నారు. అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. ఆ మాట పుట్టింది మా పై పోర్షన్‌లో ఉండే పూర్ణిమ నోట్లో. దాన్ని వీధంతా తిప్పింది మాత్రం నేనే. చర్చి మెట్ల దగ్గర ఇద్దరికి చెప్పాను, పాల బూత్ దగ్గర నలుగురికి చెప్పాను. ఆ నలుగురిలో ఒకావిడ కొడుకు క్యాంపస్ హాస్టల్ ఆఫీసులో గుమాస్తా అని నాకు తెలుసు. తెలిసే చెప్పాను, వాళ్లబ్బాయి ఏమంటాడో వినాలని. సంత సంగతి ఎవరు కలిపారో తెలియదు, నేను కాదనే అనుకుంటున్నాను. ఏమైనా ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాల్సింది కూడా నేనే.

పోచయ్య మా పెరటి గదిలో పద్దెనిమిదేళ్లుగా అద్దెకుంటున్నాడు. జనగామ వైపు మనిషి. బోరు ఎండిపోయాక భార్య సమ్మక్కతో పట్నం వచ్చి, కొన్నాళ్లు మాణికేశ్వర్ నగర్‌లో ఉండి కూలి పనులు చేశాడు. తర్వాత యూనివర్సిటీలో మగపిల్లల హాస్టల్ మెస్సులో గిన్నెలు కడిగే పని దొరికింది. అక్కడి నుంచి అటెండరయ్యాడు. అటెండరంటే సర్కారు ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మనిషి. ప్రతి జూన్‌లోనూ మళ్లీ పేరు రాస్తేనే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నడుముకి తాళాల గుత్తి వేలాడుతుంటుంది. మా సందులోకి వస్తుంటే ముందు ఆ చప్పుడు వినపడేది, తర్వాత మనిషి కనపడేవాడు.

గదులు తెరవడం, మూయడం, నీళ్లు రాకపోతే మోటారు దగ్గరికి పరుగెత్తడం, తాగొచ్చిన పిల్లల్ని గోడ పట్టించి మంచం దాకా నడిపించడం, ఇవీ అతని పనులు. కాగితం మీద రాయని పని ఇంకొకటి ఉంది. హాస్టల్ పిల్లవాడెవరైనా చనిపోతే గది ఖాళీ చేసి సామాను తల్లిదండ్రులకు అప్పగించడం. వెయ్యిమంది ఉండే చోట ఏడాదికి ఒకటైనా తప్పదు. ఒకడు బండి మీంచి పడతాడు, ఒకడికి జ్వరం ముదురుతుంది, ఒకడి సంగతి పైకి చెప్పుకోలేము. పోలీసులు చూసి రాసుకుని వెళ్లాక, గదిలోకి పోవడానికి ఎవరికీ కాళ్లు రావు. పక్క గది స్నేహితులు వరండాలో నిలబడి ఏడుస్తారు తప్ప గడప దాటరు. అప్పుడు పోచయ్యను పిలుస్తారు.

మొదట్లో అందరూ చేసినట్టే అతనూ చేసేవాడు. మంచం మీది దుప్పటి నేల మీద పరిచి, పుస్తకాలు, బట్టలు, చెప్పులు, బకెట్టు అన్నీ అందులో వేసి, నాలుగు కొసలూ కలిపి ముడెయ్యడమే. ఒకసారి ఒక తండ్రి అలాంటి మూట భుజాన వేసుకుని బస్సు కోసం తార్నాక చౌరస్తా దాకా నడిచాడట. మూట బరువని పోచయ్య కూడా వెంట వెళ్లాడు. చౌరస్తాలో ముడి ఊడిపోయింది. బస్సుల మధ్య రోడ్డంతా ఆ పిల్లవాడి నోట్సు, బనియన్లు, షేవింగు బ్రష్షు, హాల్ టికెట్టు. ఆ పెద్దమనిషి ఒక్కొక్కటీ ఏరుకుంటుంటే వెనక బస్సులవాళ్లు హారన్ కొట్టారు. ఎవరో కండక్టరు దిగి రెండు పుస్తకాలు ఏరిచ్చాడు. బనియను మీంచి ఆటో చక్రం పోయింది. దాన్ని ఆయన దులిపి, మడతపెట్టి, జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు పోచయ్య ఇంటికొచ్చి అన్నం ముట్టలేదని సమ్మక్క నాకు చెప్పింది. అప్పటినుంచి అట్టపెట్టెలు వాడాడు. వాన పడితే అట్ట అడుగు జారిపోయేది. బియ్యం సంచులు వాడాడు. వాటిలో దేనికోసం చెయ్యి పెట్టినా అడుగుదాకా కెలకాలి. తల్లులు కొడుకు ఫొటో కోసం వెతుకుతూ లోపలి బట్టలు నేల మీద పారబోసుకోవడం అతను చూశాడు.

పరిశోధన చేసే ఆత్రేయ అనే కుర్రవాడు ఢిల్లీలో ఏదో సదస్సుకి పోతూ గది తాళం ఇవ్వడానికి పిలిచినప్పుడు, మంచం మీద అతని సూట్‌కేసు తెరిచి ఉంది. లోపల బట్టలు లేవు, బట్టతో కుట్టిన చిన్న చిన్న పెట్టెలున్నాయి. ప్రతిదానికీ మూడు వైపులా జిప్పు. పోచయ్యకు నా అంత కాకపోయినా ఆరా ఎక్కువే.

"గివేంది బాపూ, డబ్బాలను బట్టతోటి కుట్టిండ్రా?" అని అడిగాడట.

వాటిని ప్యాకింగ్ క్యూబులంటారని, చొక్కాలు ఒకదాంట్లో, లోపలి బట్టలు ఒకదాంట్లో, వైర్లు, చార్జర్లు ఒకదాంట్లో పెట్టుకుంటే ప్రయాణంలో ఏదీ కలవదని, కావలసినది ఒక్కటే తీసుకోవచ్చని, మిగతావి కదలవని ఆత్రేయ చెప్పాడు. పోచయ్య ఆ చివరి మాటే పట్టుకున్నాడు. కావలసినది ఒక్కటే తీసుకోవచ్చు, మిగతావి కదలవు.

వాటిని ఎంచడం అతనికి అంత తేలిగ్గా రాలేదు. మొదటి సెట్టు పల్చటి నైలాన్‌ది తెచ్చాడు. రెండోసారి లాగేసరికి జిప్పు పళ్లు విడిపోయాయి. ఏడ్చే మనిషి చేతులకు జిప్పు సతాయించకూడదు అన్నాడు. ఆ తర్వాత సామాన్ల దుకాణానికి పోతే ప్రతి జిప్పునూ పదిసార్లు లాగి, మూసి, మూలల దగ్గర ఆగుతుందేమో చూసేవాడు. కొట్టువాడు "కొంటవా, ఆడుకుంటవా?" అని విసుక్కున్నా ఆపేవాడు కాదు. చెయ్యి తడిచేసుకుని బట్ట మీద రాసి నీళ్లు లోపలికి దిగుతాయేమో చూసేవాడు. పట్టుకోవడానికి పక్కన చిన్న పిడి ఉండాలి, ఎందుకంటే తండ్రులు సామాను చంకలో పెట్టుకుంటే జారిపోతుంది. నలుపు వద్దు, తెలుపు వద్దు, ఎరుపు అసలే వద్దు. ముదురు నీలం ఒక్కటే తీసుకునేవాడు.

రెండు జిప్పులుండి, రెండోది లాగితే లోపలి బట్టలు సగానికి అణిగిపోయే రకం కూడా ఒకసారి తెచ్చాడు. నాకు చూపించాడు. మా ఇంటి పాత దుప్పటి అందులో పెట్టి నొక్కితే అట్టలా అయింది, నాకు భలే నచ్చింది. మళ్లీ తెరిస్తే దుప్పటి ఊపిరి తీసుకున్నట్టు పైకి లేచింది. పోచయ్య దానివైపు కాసేపు చూసి, "గిది వద్దు పెద్దమ్మా" అని పక్కన పెట్టేశాడు. ఆ సంచి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, స్వెట్టర్లు పెట్టుకున్నాను.

సర్దడంలో కూడా అతనికో పద్ధతి వచ్చింది. ఆత్రేయ బట్టల్ని చాపలా చుట్టేవాడు, చోటు కలిసొస్తుందని. పోచయ్య చుట్టడు, మడత పెడతాడు. కాలరు పైకి కనపడాలి, తల్లి చూడగానే ఏ చొక్కానో తెలియాలి అంటాడు. గడియారం, దువ్వెన, కళ్లజోడు అన్నిటికన్నా చిన్న సంచిలో, పైన జాలీ ఉన్నదాంట్లో పెడతాడు, లోపల ఏమున్నదో తెరవకముందే కనపడాలని. సర్టిఫికెట్లకు పల్చగా వెడల్పుగా ఉండేది. పుస్తకాలకు వేరే.

ఇంత నేర్చినవాడు జోయెల్ విషయంలో తప్పు చేశాడు. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది.

జోయెల్ తెనాలి వైపు పిల్లవాడు, ఎమ్మే చదివేవాడు. మా చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. డెంగీ జ్వరమొచ్చి అయిదు రోజుల్లో పోయాడు. పోచయ్య గది సర్దుతుంటే మంచం కింద బకెట్టులో విడిచిన బట్టలు కనపడ్డాయి. చెమట వాసన, జ్వరం వాసన. ఇవి ఇలాగే ఆ తల్లి చేతిలో ఎలా పెడతాం అనుకున్నాడు. మనలో ఎవరమైనా అలాగే అనుకుంటాం. ఇంటికి తెచ్చి సమ్మక్క చేత ఉతికించాడు. మా డాబా మీదే ఆరేశారు. ఎవరివని అడిగి, సంగతి విని, ఇస్త్రీ పెట్టె నేనే ఇచ్చాను. ఒక చొక్కాకు గుండీ ఊడితే నేనే కుట్టాను.

జోయెల్ తల్లి పేరు కరుణ, ఎలిమెంటరీ స్కూలు టీచరు. వార్డెను గదిలో బల్ల మీద సంచులు వరసగా పెట్టారు. ఆవిడ చొక్కాల సంచి తెరిచింది. పై చొక్కా తీసి ముఖానికి ఆనించుకుని వాసన చూసింది. దాన్ని పక్కన పెట్టి రెండోది తీసింది. మూడోది. అన్నీ అలాగే చూసింది. చివరికి తలెత్తి, "వాడు విడిచిన బట్టలేం లేవా బాబూ?" అని అడిగింది.

పోచయ్య కొంచెం గర్వంగానే చెప్పాడు. "అన్ని ఉతికిచ్చినమమ్మా. ఇస్త్రీ గూడ చేసినం."

"ఉతికేశారా" అంది ఆవిడ. అంతే. చొక్కాలన్నీ ఉన్న మడతల మీదే లోపల పెట్టి జిప్పు వేసుకుని వెళ్లిపోయింది.

ఇది పోచయ్య మాకు ఏడాది దాకా చెప్పలేదు. సమ్మక్కకు కూడా చెప్పలేదు. కానీ ఆనాటి నుంచి ప్రతి సెట్టులోనూ ఆరో సంచి ఒకటి చేరింది. అది జాలీ లేనిది, దళసరి బట్టది, లోపల అస్తరు ఉన్నది. విడిచిన బట్టలు ఎలా దొరికితే అలా అందులో పెట్టి, జిప్పు చివరిదాకా లాగేవాడు. అప్పగించేటప్పుడు, "గిది ఉతకలేదమ్మా, మీ ఇష్టం" అని మాత్రం చెప్పేవాడు. కొందరు మొహం చిట్లించుకున్నారట. ఒక తల్లి మాత్రం మిగతా అయిదూ భర్తకిచ్చి, అదొక్కటే ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కిందట.

ఇక పోచయ్య గదిలోని సజ్జ సంగతి. కిందటి మాఘమాసంలో కమలాకర్ అనే పిల్లవాడు హబ్సిగూడ దగ్గర బండి జారి పోయాడు. తండ్రి ముందే లేడు. తల్లి సారలమ్మ ములుగు అవతల ఉంటుంది. అంతకు నెల ముందే ఆమె తుంటి విరిగి మంచాన పడింది. శవాన్ని మేనమామ తీసుకుపోయాడు. సామాను కూడా తీసుకుపొమ్మని పోచయ్య అంటే, ఆమె ఫోన్లో ఒప్పుకోలేదు. "ఎవ్వలికియ్యకు తమ్మీ. నేనే వస్త. కాలు జర నిలబడనీ" అంది.

మార్చిలో ఆ గది వేరేవాళ్లకు ఇచ్చారు. హాస్టల్ స్టోరులో ఎలుకలు, చెమ్మ. మే నెలలో సున్నం వేసేటప్పుడు స్టోరు మొత్తం బయట పడేస్తారు, అది ప్రతి ఏడూ జరిగేదే. పోచయ్య ఆరు సంచులూ ఇంటికి తెచ్చి సజ్జ మీద పెట్టాడు. ఎవరి దగ్గరా కాగితం రాయించుకోలేదు. హాస్టల్ వస్తువు గేటు దాటాలంటే కాగితం కావాలని ఏళ్ల తరబడి పిల్లలందరికీ చెప్పే మనిషి, తను మరిచిపోయాడు. పూర్ణిమ, సమ్మక్క గదిలో దాచుకున్న తన పచ్చడి జాడీ దించుకోవడానికి స్టూలెక్కి ఆ సంచుల్ని చూసింది. ఏమిటివని అడిగితే సమ్మక్క, "సచ్చిపోయిన పిలగానియి, ముట్టకు" అంది. పూర్ణిమ సంచులు లెక్కపెట్టింది. ఆరు సంచులు, ఆరుగురు పిల్లలు. నాతో చెప్పింది. తర్వాత నేను చేసిన పని మీకు తెలుసు.

పది రోజుల్లో హాస్టల్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సంచులన్నీ తీసుకురావాలి, అందరి ముందూ తెరవాలి, ఒక్కొక్క వస్తువూ రాసుకుంటారు. దొంగతనం కాదని తేలితే జూన్‌లో పేరు ఉంటుంది, లేదంటే లేదు. పోచయ్యకు యాభై నాలుగేళ్లు. ఈ వయసులో ఇంకొక చోట తాళాల గుత్తి ఎవరిస్తారు? సమ్మక్కకు షుగరు. నేను ఆమెకు తోడుగా వెళ్లాను. నిజం చెప్పాలంటే ఏం జరుగుతుందో చూడకుండా ఇంట్లో ఉండలేక వెళ్లాను. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. తలుపు తీసే ఉంది.

లోపల వార్డెను, గుమాస్తా, కాంట్రాక్టరు తాలూకు మనిషి ఉన్నారు. నేను లేచి గడప దగ్గరికి పోయి, ఆ మాట నేనే పుట్టించినంత పని చేశానని, ఇతని తప్పు లేదని చెప్పబోయాను. వార్డెను మర్యాదగానే, "అమ్మా, మీరు బయట కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాను.

చిన్న సంచి తెరిచారు. గడియారం, దువ్వెన, రెండు పెన్నులు, బస్ పాసు. గుమాస్తా రాసుకున్నాడు. పుస్తకాలు, సర్టిఫికెట్లు, చొక్కాలు, దుప్పటి. అయిదు సంచులూ అయ్యాయి. పోలీసులు రాసుకున్న కాగితంతో అన్నీ సరిపోయాయి. గుమాస్తా మొహంలో కొంచెం నిరాశ కనపడింది, అబద్ధం ఎందుకు. ఆరోది పోచయ్య బల్ల మీద పెట్టలేదు. ఒళ్లో పెట్టుకున్నాడు.

"అది?" అన్నాడు వార్డెను.

"గిది తియ్య సారు."

కాంట్రాక్టరు మనిషి నవ్వాడు. "ఏముందే అండ్ల? బంగారం పెట్టినవా?"

"ఇడిసిన బట్టలు. మూడంగీలు, రెండు ప్యాంట్లు, ఒక తువ్వాల. ఉతకలే. కావాలంటే పైనుంచి పిసికి చూడుండ్రి."

గుమాస్తా అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాళ్లు లాక్కుని తెరవొచ్చు. ముగ్గురున్నారు, ఇతను ఒక్కడు. కానీ చనిపోయిన పిల్లవాడి విడుపు బట్టలనేసరికి ఒక్కరి చెయ్యీ ముందుకు రాలేదు. వార్డెను చెడ్డవాడు కాదు, కుర్చీ ముందుకు జరుపుకుని నెమ్మదిగా చెప్పాడు.

"ఒక్క నిమిషం పని పోచయ్యా. జిప్పు తీసి చూపించు, మళ్లీ వేసెయ్. నేను సంతకం పెడతా, నువ్వు డ్యూటీకి పో."

"నాకెరుకే సారు. ఆ తల్లి వచ్చినంక ఆమెనే తీస్తది. అప్పుడు మీరు చూడుండ్రి."

"ఆమె ఎప్పుడొస్తది?"

పోచయ్య సంచి జిప్పు మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే, కాలు ఇంకా నిలబడలేదని సారలమ్మ చెప్పి వారమే అయింది. నా పక్కన సమ్మక్క చీర కొంగు ముడి వేస్తూ విప్పుతూ, "తియ్యరాదే, తియ్యరాదే" అని లోలోపల గొణుగుతోంది. ఆ గొంతు తలుపు దాకా వెళ్లేది కాదు.

"తెరవడానికి నిరాకరించాడు" అని గుమాస్తా రాశాడు. రాసినది చదివి వినిపించి, పోచయ్య చేత సంతకం పెట్టించారు. తాళాల గుత్తి బల్ల మీద పెట్టమన్నారు. నడుం నుంచి దాన్ని తియ్యడానికి అతనికి చాలాసేపు పట్టింది, ఆ కొక్కెం ఎప్పుడూ విప్పింది లేదు. అయిదు సంచులు బీరువాలో పెట్టి తాళం వేసి, దాని మీద కాగితం అతికించారు. ఆరోదాన్ని బీరువాలో పెట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. "నీ దగ్గరే ఉంచుకో, ఆమెకు నువ్వే ఇచ్చుకో" అన్నారు. జూన్ జాబితాలో పోచయ్య పేరు లేదు.

క్యాంపస్ నుంచి తార్నాక దాకా ముగ్గురం నడిచే వచ్చాం. అతను వస్తున్నాడో లేదో అని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. తాళాల చప్పుడు లేక వెనక మనిషి ఉన్నట్టే అనిపించలేదు. సమ్మక్క ఆ రోజు నుంచి నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. ఇప్పుడామె మెట్టుగూడలో రెండిళ్లలో పనికి పోతోంది. మోకాళ్లు వాచాయి. పూర్ణిమ కనపడితే మొహం తిప్పుకుంటుంది. నాతో మాట్లాడుతుంది, ఇంట్లో అద్దెకున్నది కాబట్టి. ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంది.

కిందటి శుక్రవారం పొద్దున పోచయ్య ములుగు బస్సుకు బయలుదేరాడు. సారలమ్మ కాలు ఇక నిలబడేట్టు లేదని, ఆమె రాలేదు కాబట్టి తనే పోతానని అన్నాడు. తన లుంగీ, చొక్కా ఒక పాత తువ్వాలలో మూట కట్టుకున్నాడు. నీలం సంచి మాత్రం ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును ఇంకో కవరులో పెట్టాడు. నేను మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను. అతను దాటిపోతుంటే ఆపాను. ముందు, వీధిలో ఆ మాట తిప్పింది నేనేనని చెప్పాను.

"ఎరుకే పెద్దమ్మా" అన్నాడు.

బస్సు టైమవుతోందని గేటువైపు చూశాడు. అయినా నేను ఊరుకోలేకపోయాను, ఊరుకునే మనిషినైతే ఇంతదాకా వచ్చేదే కాదు.

"ఒక్క మాట చెప్పి పో పోచయ్యా. ఆ రోజు ఒక్క నిమిషం జిప్పు తీసి చూపిస్తే నీ ఉద్యోగం ఉండేది, సమ్మక్క ఇంట్లో ఉండేది. నిమిషంలో ఏం పోతుందయ్యా అందులోంచి?"

అతను కవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నేను కుట్టిన గుండీ, నేనిచ్చిన ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చాయో ఏమో, నా చేతుల వంక చూశాడు.

"నాకు తెల్వదు పెద్దమ్మా. ఏం పోకపోవచ్చు. ఒకపాలి తప్పు చేసిన గద, ఇంకోపాలి చేసి సూడబుద్ధి కాలే."